‘వెళ్ళొస్తాను’ అన్న పాత్రను ఆపడం: ‘యానిమల్ క్రాసింగ్’ క్రీడలో వీడ్కోలు – రాయదుర్గం నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

జీవనానుకరణ వీడియోగేముల్లో పాత్రలు ఊరు విడిచి వెళ్ళిపోతుంటాయి. ఇష్టమైన పాత్ర వెళ్ళకుండా చూసుకోవడం ఆడేవారికి ముఖ్యమైన వ్యాపకం. నింటెండో సంస్థ రూపొందించిన ‘యానిమల్ క్రాసింగ్’ పరంపరలో 2001 నుంచి 2020 వరకు వచ్చిన కూర్పులను గమనిస్తే, వెళ్ళాలా వద్దా అన్న నిర్ణయం క్రమంగా పాత్ర చేతిలోనుంచి ఆడేవారి చేతిలోకి మారినట్లు తెలుస్తుంది. ఈ మార్పు ఇష్టపాత్రలకు రక్షణ ఇచ్చింది గాని, వాటికి వీడ్కోలు లేకుండా చేసిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. బొమ్మల పెళ్ళి, అప్పగింతలు, శకుంతల అత్తవారింటికి తరలే ఘట్టం అనే తెలుగువారికి పరిచితమైన సందర్భాలతోనూ, ఉద్యోగ వలసలకు నెలవైన రాయదుర్గం జీవితంతోనూ పోల్చి ఈ ప్రతిపాదనను పరిశీలించడం జరిగింది.

కీలకపదాలు: జీవనానుకరణ క్రీడ, యానిమల్ క్రాసింగ్, వీడ్కోలు, అప్పగింతలు, బొమ్మల పెళ్ళి, ప్రవాసం, రాయదుర్గం.

1. ఉపోద్ఘాతం:

తెలుగువారు ఇల్లు విడిచి వెళ్ళేటప్పుడు ‘వెళ్తాను’ అనరు, ‘వెళ్ళొస్తాను’ అంటారు. ‘పోతాను’ అనడం అశుభమని పెద్దలు వెంటనే సరిదిద్దుతారు. వెళ్ళడంలోనే రావడాన్ని కూడా కలిపి చెప్పే ఈ మాట తెలుగు సమాజం వీడ్కోలును ఎలా భావించిందో తెలియజేస్తుంది. వెళ్ళే మనిషికి వెళ్ళే స్వేచ్ఛ ఉంది, ఉండే మనిషికి తిరిగి వస్తారన్న ఆశ ఉంది. రెండింటినీ ఒకే క్రియాపదం మోస్తున్నది.

జీవనానుకరణ క్రీడల్లో, అంటే లైఫ్ సిమ్యులేషన్ గేముల్లో, ఈ రెండింటి మధ్య సమతూకం ఎలా ఉందన్నది సాహిత్యవిమర్శ అడగదగిన ప్రశ్న. ఈ క్రీడల్లో గెలుపోటములు ప్రధానం కావు. ఇల్లు కట్టుకోవడం, తోట పెంచడం, ఇరుగుపొరుగులతో మాట్లాడడం, ఉత్తరాలు రాయడం, కానుకలు ఇచ్చిపుచ్చుకోవడం వీటి ఇతివృత్తం. నాటకం, నవల మాదిరిగానే ఇవి కూడా పాత్రపోషణ మీద ఆధారపడతాయి. ఇష్టపాత్ర ఊరు విడిచి వెళ్ళిపోవడం ఇటువంటి క్రీడలో అతి పెద్ద సంఘటన. కాబట్టి పాత్ర నిష్క్రమణకు సంబంధించిన నియమాన్ని సాంకేతిక అంశంగా మాత్రమే గాక రచనలో భాగంగా చదవవలసి ఉంటుంది.

ఇది ఆడేవారి అభిప్రాయసేకరణ కాదు. క్రీడనే పాఠంగా స్వీకరించి చేసిన విమర్శ. ఆ పాఠాన్ని రాయదుర్గం నుంచి చదవడానికి కారణం ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2016లో యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం ‘ఇమేజ్’ పేరుతో ప్రత్యేక విధానాన్ని ప్రకటించి, రాయదుర్గంలో ఇమేజ్ టవర్ నిర్మాణాన్ని తలపెట్టింది. ‘ది సిమ్స్’ పరంపరను ప్రచురించే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థకు హైదరాబాదులో స్టూడియో ఉంది. ఈ విధంగా ఆటలు తయారయ్యే చోటుగా పేరు తెచ్చుకుంటున్న ఈ ప్రాంతం, మనుషులు నిత్యం వచ్చి వెళ్ళిపోయే చోటు కూడా.

2. క్రీడ పుట్టుపూర్వోత్తరాలు:

‘యానిమల్ క్రాసింగ్’ తొలి కూర్పు ‘దోబుత్సు నో మోరి’, అంటే ‘జంతువుల అడవి’ అనే పేరుతో 2001 ఏప్రిల్ 14న జపానులో నింటెండో 64 యంత్రం కోసం విడుదలైంది. దీని సృష్టికర్తల్లో ముఖ్యుడు కత్సుయా ఎగుచి. ఆయన ఉద్యోగరీత్యా చిబా ప్రాంతంలోని కుటుంబాన్ని, మిత్రులను విడిచి క్యోటోకు వచ్చాడు. అక్కడ అనుభవించిన ఒంటరితనం, తనవారితో గడపడంలోని విలువ తెలిసిరావడం ఈ క్రీడకు ప్రేరణ అని ఆయనే చెప్పాడు. అంటే ఈ క్రీడ పుట్టుకే ఒక ఉద్యోగ వలస. ఊరు విడిచిన మనిషి ఊరిని తిరిగి ఊహించుకున్న రచన ఇది. రాయదుర్గం పాఠకుడికి ఈ నేపథ్యం కొత్తగా తోచదు.

ఈ పరంపరలో 2020 మార్చి 20న వచ్చిన ‘న్యూ హొరైజన్స్’ అత్యంత ప్రజాదరణ పొందింది. ప్రపంచవ్యాప్తంగా 4 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. ఇందులో ఆడేవారు ఒక నిర్జన ద్వీపానికి చేరి క్రమంగా దాన్ని ఊరుగా మారుస్తారు. ఆ ద్వీపంలో గరిష్ఠంగా 10 మంది ద్వీపవాసులు నివసించవచ్చు. వారు మనుషుల్లా మాట్లాడే జంతువులు. వచ్చి చేరగల పాత్రలు 400కు పైగా ఉన్నాయి. యంత్రంలోని గడియారమే ద్వీపంలోని గడియారం. బయట రాత్రయితే అక్కడా రాత్రే. ఆడేవారు నెల రోజులు రాకపోతే ద్వీపంలోనూ నెల గడుస్తుంది, కలుపు మొక్కలు పెరుగుతాయి.

పాత్రపోషణలో ఒక విశేషం గమనించదగినది. అలంకారశాస్త్రం నాయికలను అష్టవిధాలుగా విభజించినట్లు, ఈ క్రీడ ద్వీపవాసులను ఎనిమిది స్వభావాలుగా విభజించింది. పురుష పాత్రలకు నాలుగు, స్త్రీ పాత్రలకు నాలుగు. సోమరి, వ్యాయామప్రియుడు, చిరాకు మనిషి, ఆడంబరుడు అన్నవి మొదటి వర్గం. సౌమ్యురాలు, ఉత్సాహవతి, దర్పం గలది, అక్కలా ఆదుకునేది అన్నవి రెండవ వర్గం. ఒకే స్వభావం గల రెండు పాత్రల సంభాషణలు చాలావరకు ఒకటే. రూపం, పేరు, ఊతపదం, ఇంటి అమరిక మాత్రమే వేరు. కనుక ఒక పాత్ర ‘ఇష్టపాత్ర’ కావడానికి మూలం రచనలోని సంభాషణ ఒక్కటే కాదు. ఆ పాత్రతో ఆడేవారు గడిపిన రోజులు, ఇచ్చిన కానుకలు, ఒక వానరోజు దాని ఇంట్లో కూర్చున్న జ్ఞాపకం. పాత్రలోని అద్వితీయత్వాన్ని సగం ఆడేవారే రచిస్తున్నారు. ఆ పాత్ర వెళ్ళిపోతే అదే స్వభావం గల మరొక పాత్ర రావచ్చు, అవే మాటలు చెప్పవచ్చు. గడిచిన రోజులు మాత్రం దానితో రావు.

3. వెళ్ళే హక్కు – మారుతూ వచ్చిన నియమం:

తొలి కూర్పుల్లో పాత్ర ఆడేవారికి చెప్పకుండానే ఊరు విడిచి వెళ్ళగలదు. కొన్నాళ్ళు ఆట తెరవకపోతే, తిరిగి వచ్చేసరికి ఇష్టపాత్ర ఇల్లు ఉండకపోవచ్చు. ఇక్కడ నిష్క్రమణ ఆడేవారి అధీనంలో లేదు. పాత్రకు తనదైన జీవితం ఉందని, అది ఆడేవారి కోసం ఆగదని ఈ నియమం చెబుతుంది. ఇది బాధాకరమైన నియమం. అయితే పాత్రను వ్యక్తిగా నిలబెట్టినదీ ఇదే.

2012లో జపానులో, మరుసటి ఏడాది ఇతర దేశాల్లో వచ్చిన ‘న్యూ లీఫ్’ కూర్పులో మధ్యేమార్గం కనిపిస్తుంది. పాత్ర తాను వెళ్ళదలచుకున్నానని, ఫలానా తేదీన వెళ్తానని ముందుగా చెబుతుంది. ఆడేవారు ఉండమంటే ఉంటుంది. కాని ఆడేవారు కొన్ని రోజులు రాకపోతే చెప్పే అవకాశం లేక వెళ్ళిపోవచ్చు. ఇక్కడ నిలుపుకోవాలంటే రోజూ వచ్చి పలకరించాలి. ఆపే అధికారం ఆడేవారికి ఉన్నా, అది ఉచితంగా రాలేదు.

‘న్యూ హొరైజన్స్’లో ఈ మూల్యం కూడా తొలగిపోయింది. వెళ్ళాలన్న ఆలోచనలో ఉన్న పాత్ర తలపైన ఆలోచనను సూచించే మేఘంతో దిగులుగా తిరుగుతుంటుంది. పలకరిస్తే సంగతి చెప్పి, ఏం చేయమంటారని అడుగుతుంది. ఉండమంటే సంతోషంగా ఉండిపోతుంది. వెళ్ళమంటే మరునాడు దాని ఇల్లంతా అట్టపెట్టెలతో నిండి ఉంటుంది, ఆ తరువాతి రోజు ఇంటి స్థలం ఖాళీ అవుతుంది. పలకరించకపోతే ఆ ఆలోచనే మాయమవుతుంది. ఆడేవారు ఏడాదిపాటు రాకపోయినా, అనుమతి లేకుండా ఒక్క పాత్ర కూడా వెళ్ళదు.

ఈ నియమానికి మరో పార్శ్వం ఉంది. ద్వీపం నిండి ఉన్నప్పుడు గుడారంలో దిగిన అతిథి తాను ఉండిపోవాలంటే ఉన్నవారిలో ఒకరు ఖాళీ చేయాలని, వారి పేరుతో సహా ప్రతిపాదించవచ్చు. అమీబో అనే కార్డును ఉపయోగిస్తే ఎవరి స్థానంలో ఎవరు రావాలో ఆడేవారే నిర్ణయించవచ్చు. ఈ రెండు సందర్భాల్లోనూ నిర్ణయం ఆడేవారిదే, వెళ్ళవలసిన పాత్ర ఇష్టం ఆ నిర్ణయంలో లెక్కలోకి రాదు. పాత్ర వెళ్ళాలనుకుంటే ఆడేవారి అనుమతి కావాలి. ఆడేవారు పంపాలనుకుంటే పాత్ర అనుమతి అక్కరలేదు. స్నేహం ఇతివృత్తంగా గల క్రీడలో ఇద్దరి మధ్య ఇంత అసమానత ఉండడం విమర్శకు లోను కావలసిన అంశం.

4. ఇష్టపాత్రలను నిలుపుకునే తీరు:

నియమం ఇంత స్పష్టంగా ఉన్నా, పాత్రలను నిలుపుకోవడం చుట్టూ ఆడేవారిలో ఎన్నో నమ్మకాలు ఏర్పడ్డాయి. కానుకలు ఇస్తుంటే పాత్ర వెళ్ళదనీ, పలకరించకపోతే అలిగి వెళ్తుందనీ, వలతో కొడితే లేదా ఇసబెల్ అనే అధికారిణికి ఫిర్యాదు చేస్తే త్వరగా వెళ్ళిపోతుందనీ అనుకునేవారున్నారు. నిజానికి ఫిర్యాదు వల్ల జరిగేది పాత్ర వేసుకున్న దుస్తులో, మాట్లాడే తీరో మారడం మాత్రమే. మేఘం ఇష్టపాత్ర తలపైన కనిపిస్తే, గడియారాన్ని జరిపి అది మరొకరి తలపైకి వెళ్ళేదాకా వేచి ఉండే ఉపాయం కూడా ప్రచారంలో ఉంది. ‘ఉండు’ అని ఒక్క మాట చెబితే చాలిన చోట ఇన్ని ఉపాయాలు ఎందుకు? ఆ పాత్ర నోట వెళ్తానన్న మాట వినడమే వారికి ఇష్టం లేదు. మాట వింటే దాని కోరిక తెలుస్తుంది. కోరిక తెలిశాక ఆపడం వేరు, తెలియకుండా నిలుపుకోవడం వేరు.

అభిమానం ఆస్తిభావంగా మారిన సందర్భం కూడా ఈ క్రీడ చరిత్రలో ఉంది. రేమండ్ అనే పిల్లి పాత్ర కోసం 2020లో ఆడేవారి మధ్య ఆటలోని ధనంతో, కొన్ని చోట్ల నిజమైన డబ్బుతో సైతం బేరాలు సాగాయి. ఇల్లు అట్టపెట్టెలతో నిండిన రోజున మరొక ద్వీపం నుంచి వచ్చినవారు ఆ పాత్రను తమ ద్వీపానికి పిలుచుకోవచ్చు. ఈ సదుపాయమే బేరాలకు దారి ఇచ్చింది. రచన వీడ్కోలుగా ఉద్దేశించిన రోజు అంగడిరోజు అయింది.

ఇష్టపాత్రను నిలుపుకునేవారిని తప్పుపట్టడం సులువు. కాని వారి పక్షాన చెప్పవలసిన న్యాయం ఉంది. ద్వీపం విడిచిన పాత్రకు రచన ఏ భవిష్యత్తునూ చూపదు. అది ఎక్కడికి వెళ్ళింది, ఏం చేస్తున్నది, ఆడేవారిని తలచుకుంటున్నదా అన్న ప్రశ్నలకు సమాధానం ఆ ద్వీపంలో దొరకదు. ‘వెళ్ళొస్తాను’ అనడానికి వీలున్న ప్రయాణం కాదది. వెళ్ళిన చోట మరో జీవితం ఉందని చూపనప్పుడు, వెళ్ళనివ్వడం పెద్దమనసు ఎలా అవుతుంది? ఆపేవారి స్వార్థంలో రచన వదిలిన ఖాళీకి కూడా పాలుంది.

5. బొమ్మల పెళ్ళి, అప్పగింతలు, శకుంతల:

తెలుగు లోగిళ్ళకు జీవనానుకరణ క్రీడ కొత్త కాదు. దసరాకో సంక్రాంతికో పెట్టే బొమ్మల కొలువులో మెట్ల మీద ఒక చిన్న లోకం అమరుతుంది. దేవుళ్ళ పక్కన పెళ్ళివారు, వారి పక్కన కూరగాయల అంగడి, పోలీసు, పాలమనిషి. కొలువు ముగిశాక బొమ్మలను గుడ్డల్లో చుట్టి, పెట్టెల్లో పెట్టి అటక ఎక్కిస్తారు. మరుసటి ఏడు అవే బొమ్మలు తిరిగి దిగుతాయి. కొలువు బొమ్మకు వెళ్ళే హక్కు లేదు. కానీ రావడం ఖాయం.

బొమ్మల పెళ్ళి మరో అడుగు ముందుకు వేసింది. ఆడపిల్లలు రెండు పక్షాలుగా చేరి, విడిది, తలంబ్రాలు, విందు అన్నీ జరిపి, చివర అప్పగింతలు పెడతారు. పెళ్ళికూతురు బొమ్మ వియ్యాలవారుగా ఆడిన స్నేహితురాలి ఇంటికి వెళ్ళవలసి వచ్చినప్పుడు, బొమ్మ యజమానురాలికి నిజంగానే దుఃఖం వస్తుంది. అప్పటిదాకా నటించిన దుఃఖం అనుభవమవుతుంది. బొమ్మను తిరిగి తెచ్చుకునే పిల్లలూ ఉంటారు, ఇచ్చి ఊరుకునే పిల్లలూ ఉంటారు. ఏదైనా, ప్రియమైన బొమ్మే పెళ్ళికూతురు అవుతుంది. మూలన పడి ఉన్న బొమ్మకు ఎవరూ పెళ్ళి చేయరు. అప్పగింతలు జరిగేది ఇష్టమైనదానికే.

కాళిదాసు ‘అభిజ్ఞాన శాకుంతలం’ నాలుగో అంకం ఈ భావానికి శాస్త్రీయరూపం. శకుంతల కథ పిల్లలమర్రి పినవీరభద్రుని ‘శృంగార శాకుంతలం’ ద్వారా తెలుగు కావ్యంగానూ నిలిచింది. ఆశ్రమంలో శకుంతలను ఆపాలనుకునేవారికి లోటు లేదు. ఆమె పెంచిన లేడిపిల్ల కొంగు పట్టి లాగుతుంది. కణ్వుడు ఆమెను పెంచిన తండ్రి, ముని, ఆశ్రమానికి పెద్ద. ఆయన ఉండమంటే ఆమె ఉండేదేమో. ఆయన దుఃఖిస్తూనే పంపుతాడు. ఆ ఘట్టంలోని కరుణకు బలం, ఆపగలిగినవాడు ఆపకపోవడంలో ఉంది. ఆపే శక్తి లేనివాడి ముందు జరిగే నిష్క్రమణ నష్టం మాత్రమే. శక్తి ఉండి ఉపయోగించకపోతే అది అప్పగింత.

అయితే అప్పగింతల సంప్రదాయాన్ని మచ్చలేనిదిగా చూడనవసరం లేదు. అందులో పంపేవారి దుఃఖానికి ఉన్న గొంతు, వెళ్ళే అమ్మాయి ఇష్టానికి చాలాసార్లు లేదు. గురజాడ అప్పారావు ‘పుత్తడిబొమ్మ పూర్ణమ్మ’లో ముసలివాడికిచ్చి పెళ్ళి చేసిన పిల్లను బొమ్మ అనే పిలవడం యాదృచ్ఛికం కాదు. ఇష్టం అడగకుండా పంపబడిన మనిషి బొమ్మతో సమానం. ఇష్టం అడగకుండా ఆపబడినా అంతే.

ఈ వెలుగులో చూస్తే ‘న్యూ హొరైజన్స్’ నియమంలో ఒక గొప్ప అవకాశం కనిపిస్తుంది. తొలి కూర్పుల్లో నిష్క్రమణ నష్టమే, ఆడేవారికి దానిలో పాత్ర లేదు. ఇక్కడ పాత్ర తన కోరికను చెప్పి, నిర్ణయాన్ని ఆడేవారి ముందు పెడుతుంది. కణ్వుని స్థానం ఆడేవారికి దొరికింది. ఆపగలిగీ ‘వెళ్ళు’ అనడం ఇక్కడ సాధ్యమైంది. సర్దిన పెట్టెల మధ్య నిలబడి పాత్ర పాతరోజులు తలచుకుంటూ మాట్లాడే సన్నివేశం ఈ క్రీడలో చక్కగా రాసిన భాగాల్లో ఒకటి.

కాని ఆ సన్నివేశం ఎవరికి దక్కుతున్నది? ఆపే అధికారానికి ఏ మూల్యమూ లేనప్పుడు ఇష్టపాత్రను ఎవరూ పంపరు. పంపేది రూపం నచ్చని పాత్రను, స్థలం కోసం ఖాళీ చేయించదలచిన పాత్రను. ఫలితంగా, వీడ్కోలు మాటలు ఎవరిని గురించి ఎక్కువ బాధ కలగదో వారి నోటనే వినిపిస్తాయి. ఎవరికి వీడ్కోలు చెబితే గుండె బరువెక్కుతుందో వారు ఏళ్ళ తరబడి ద్వీపంలోనే, అవే మాటలు తిరిగి తిరిగి చెబుతూ ఉండిపోతారు. బొమ్మల పెళ్ళిలో ఇష్టమైన బొమ్మకే అప్పగింతలు. ఇక్కడ ఇష్టం లేనిదానికే. ‘న్యూ హొరైజన్స్’ పాత్రపోషణలోని ప్రధాన లోపం ఇదే.

6. రాయదుర్గం – ఉండమనడం, వెళ్ళమనడం:

ఒకప్పుడు గోల్కొండవాసులకు తాగునీరందించిన దుర్గం చెరువు పక్కన ఉన్న రాయదుర్గం, 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక విస్తరించిన ఐటీ ప్రాంతంలో కలిసిపోయింది. నాగోలు నుంచి వచ్చే మెట్రోకు చివరి స్టేషన్ రాయదుర్గం. రైలు అక్కడ అందరినీ దింపుతుంది. సాయంత్రం అక్కడివారినే ఎక్కించుకుని వెనుదిరుగుతుంది. ఈ ప్రాంతంలో పనిచేసేవారిలో చాలామంది ఇతర జిల్లాల నుంచి, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారు. హాస్టల్ గదిలో పక్క మంచం మనిషి ఆరు నెలలకోసారి మారడం ఇక్కడ సహజం.

వెళ్ళడానికి ఇక్కడ ఒక ప్రత్యేక పరిభాష ఏర్పడింది. రాజీనామా, నోటీస్ పీరియడ్, కౌంటర్ ఆఫర్, లాస్ట్ వర్కింగ్ డే, రిలీవింగ్ లెటర్. నోటీస్ పీరియడ్ చాలా సంస్థల్లో మూడు నెలలు. ఈ కాలంలో ఉద్యోగిని ఆపడానికి జీతం పెంచుతామంటారు, ఆన్‌సైట్ ఆశ చూపుతారు. ఉద్యోగులు వెళ్ళిపోయే రేటుకు అట్రిషన్ అని పేరు. ఇన్ఫోసిస్ సంస్థ 2022 మార్చితో ముగిసిన త్రైమాసికానికి దీన్ని 27.7 శాతంగా ప్రకటించింది. ‘న్యూ హొరైజన్స్’ ద్వీపం ఈ పరిభాష తెలిసినవారికి ఒక తలకిందుల కార్యాలయంలా తోస్తుంది. అక్కడ అట్రిషన్ లేదు. ఎవరు రాజీనామా చెప్పినా ఒక్క మాటతో ఉపసంహరించుకుంటారు. పగలంతా తన ఉండడం, వెళ్ళడం ఇతరుల నిర్ణయంగా గల మనిషికి, రాత్రి ఒక ద్వీపంలో ఆ నిర్ణయం తనది కావడం ఊరటనివ్వవచ్చు. ఇష్టపాత్రను నిలుపుకోవడంలోని ఆకర్షణను కేవలం ఆస్తిభావంగా కొట్టివేయలేకపోవడానికి ఇదొక కారణం.

విడుదల సమయం ఈ పోలికకు మరింత బరువు తెచ్చింది. క్రీడ 2020 మార్చి 20న విడుదలైంది. మార్చి 24 రాత్రి దేశవ్యాప్త లాక్‌డౌన్ ప్రకటన వెలువడింది. మరునాడు హైదరాబాదులో పలు హాస్టళ్ళు యువతీయువకులను ఖాళీ చేయమన్నాయి. వారు పోలీసు స్టేషన్ల ముందు బారులు తీరి, సొంత ఊళ్ళకు వెళ్ళడానికి అనుమతి పత్రాలు తీసుకున్నారు. ఆ పత్రాలతో బయలుదేరిన వేలమంది ఆంధ్రప్రదేశ్ సరిహద్దులో, జగ్గయ్యపేట సమీపంలోని గరికపాడు చెక్‌పోస్టు వద్ద నిలిచిపోయారు. ఇటు ఉండనివ్వలేదు, అటు వెళ్ళనివ్వలేదు. తరువాత తెలంగాణ ప్రభుత్వం హాస్టళ్ళు ఎవరినీ ఖాళీ చేయించరాదని ఆదేశించింది, పత్రాల జారీ ఆగిపోయింది.

ఆ రోజు గదులు ఖాళీ చేసినవారిలో ఎవరికీ వీడ్కోలు సన్నివేశం లేదు. సంచి సర్దుకునే వేళ మాత్రమే ఉంది. వారు తిరిగి వచ్చేసరికి పాత గది వేరొకరిది అయి ఉండవచ్చు, పక్క మంచం మనిషి మరో నగరంలో ఉండవచ్చు. అదే వారంలో, ఎవరూ అనుమతి లేకుండా వెళ్ళని ఊరు ఒకటి తెరమీద ప్రపంచమంతటా తెరుచుకుంది. ఆ ఊరు అంతమందికి ఎందుకు కావలసి వచ్చిందో రాయదుర్గం నుంచి చూస్తే సులభంగా అర్థమవుతుంది. అయితే అర్థం కావడం వేరు, రచనగా సమర్థించడం వేరు. వీడ్కోలు దక్కనివారికి ఈ క్రీడ వీడ్కోలు లేని లోకాన్ని ఇచ్చింది. వారు పోగొట్టుకున్నది వీడ్కోలునే.

7. రెండు పోలికలు:

ఈ సమస్యను ఇతర క్రీడలు ఎలా పరిష్కరించాయో చూడడం అవసరం. విల్ రైట్ రూపొందించగా 2000లో మొదలైన ‘ది సిమ్స్’ పరంపరలో, 2009 నాటి మూడో కూర్పు ఊళ్ళోని పాత్రల జీవితాలు వాటంతటవే సాగే పద్ధతిని ప్రవేశపెట్టింది. ఆడేవారు చూడని ఇళ్ళలో పెళ్ళిళ్ళు, ఉద్యోగాలు, ఊరు విడిచి వెళ్ళడాలు జరిగాయి. ఇష్టమైన ఇరుగుపొరుగులు మాయమవుతున్నారని ఆడేవారు విసిగి, ఆ పద్ధతిని మార్చే ఉపకరణాలను స్వయంగా తయారుచేసుకున్నారు. నాలుగో కూర్పులో ఇటువంటి మార్పులను ఒక్కొక్క కుటుంబానికి విడిగా ఆపుకునే సదుపాయం వచ్చింది. ఇక్కడ కూడా దిశ ఒకటే. పాత్ర స్వేచ్ఛ ఒక మీటగా మారి ఆడేవారి చేతికి వచ్చింది. కాకపోతే ‘ది సిమ్స్’లో పాత్ర వచ్చి అడగదు. అడగని చోట ఆపడం అమరిక మాత్రమే. అడిగిన చోట అది సమాధానం.

కెనడాకు చెందిన థండర్ లోటస్ స్టూడియో 2020 ఆగస్టులో విడుదల చేసిన ‘స్పిరిట్‌ఫేరర్’ దీనికి పూర్తిగా భిన్నమైన మార్గం ఎంచుకుంది. ఇందులో స్టెల్లా అనే యువతి చనిపోయినవారి ఆత్మలను పడవలో ఎక్కించుకుని, వారికి వండిపెట్టి, ఇళ్ళు కట్టి, చివరకు తుదిద్వారం దాటిస్తుంది. వెళ్ళే సమయం వచ్చిందని పాత్రే చెబుతుంది. ఆడేవారు కొంతకాలం జాగు చేయగలరు గాని, వారిని పంపకుండా కథ ముగింపుకు చేరదు. వెళ్ళినవారి ఇల్లు పడవ మీద అలాగే ఉంటుంది, దాన్ని తీసివేయడానికి వీలుండదు. అత్యంత ప్రియమైన పాత్రకు కూడా వీడ్కోలు చెప్పక తప్పదు. ఆ వీడ్కోలు ఒక ఖాళీ ఇల్లుగా మిగులుతుంది.

‘యానిమల్ క్రాసింగ్’లో ఖాళీ అయిన స్థలం మరొకరి కోసం అమ్మకానికి వస్తుంది. ‘స్పిరిట్‌ఫేరర్’లో ఆ స్థలం వెళ్ళినవారిదే. అందుకే రెండోది విషాదమైనా ఆత్మీయంగా తోస్తుంది. అయితే ‘స్పిరిట్‌ఫేరర్’లో నిజమైన ఎంపిక లేదు. కణ్వుడు ఆపగలిగీ ఆపలేదు, స్టెల్లా ఆపలేదు కనుక ఆపలేదు. ఎంపిక, మూల్యం రెండూ కలిసిన నియమం ఈ రెండింటిలో ఏ ఒక్కదానిలోనూ లేదు. దానికి కొంత దగ్గరగా వచ్చినది 2012 నాటి ‘న్యూ లీఫ్’.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

• ‘యానిమల్ క్రాసింగ్’ పరంపరలో పాత్ర నిష్క్రమణపై అధికారం 2001 నుంచి 2020 నాటికి పాత్ర నుంచి ఆడేవారికి పూర్తిగా మారింది. ‘న్యూ హొరైజన్స్’లో పాత్ర కోరికకు అనుమతి అవసరం, ఆడేవారి కోరికకు ఆ అవసరం లేదు.

• ఈ అధికారం ఆపగలిగీ ఆపని వీడ్కోలును సాధ్యం చేసింది. అయితే ఆపడానికి మూల్యం లేకపోవడం వల్ల ఆ వీడ్కోలు ఇష్టం లేని పాత్రలకే పరిమితమైంది.

• ఇష్టపాత్రను నిలుపుకోవాలన్న కోరిక కేవలం ఆస్తిభావం కాదు. వెళ్ళిన పాత్రకు భవిష్యత్తును రచన చూపకపోవడం, ఆడేవారి సొంత జీవితంలో ఉండడం, వెళ్ళడం ఇతరుల చేతిలో ఉండడం దానికి కారణాలు. రాయదుర్గం వంటి ప్రాంతాల్లో ఈ రెండో కారణం బలమైనది.

• ఉండమని ఆపిన పాత్ర తన కోరికను మరచిపోకుండా అప్పుడప్పుడు గుర్తుచేసినా, వెళ్ళిన పాత్ర ఎప్పుడైనా చుట్టంగా వచ్చిపోయినా ఈ లోపం చాలావరకు తీరుతుంది. ఆటల రూపకల్పనకు కేంద్రం కావాలని ఆశిస్తున్న రాయదుర్గంలో తెలుగు జీవితం ఆధారంగా ఇటువంటి క్రీడ తయారైతే, పుట్టింటికి వచ్చిపోయే ఆడపడుచు, సంక్రాంతికి ఊరికి చేరే ఉద్యోగి ఆ రూపకల్పనకు సిద్ధంగా ఉన్న నమూనాలు.

కత్సుయా ఎగుచి క్యోటోలో తలచుకున్న ఊరు ఆయన విడిచి వచ్చిన ఊరు. ఆయనను ఎవరైనా చిబాలో ఆపి ఉంటే ఈ క్రీడ పుట్టేది కాదు. వెళ్ళడం వల్ల ఏర్పడిన రచన వెళ్ళనివ్వడాన్ని ఆడేవారికి ఇంత సులువుగా తప్పించుకునే విషయంగా మార్చడం దాని మూలానుభవానికే దూరమవడం. ఇష్టమైన పాత్ర వచ్చి వెళ్ళనా అని అడిగినప్పుడు, ఉండమనడానికి గాని వెళ్ళిరమ్మనడానికి గాని ఆడేవారికి నిజమైన కారణం ఉండేలా నియమాన్ని తిరిగి రాయడం ఈ క్రీడ తరువాతి కూర్పు ముందున్న పని.